ఆరోగ్యవరము నేర్పిన పాఠము: వైద్య వ్యవస్థలు ఎందులకు మారును?

తిరుమల కొండల పాదముననున్న తిరుపతి నుండి పడమరగా రమారమి 120 కిలోమీటర్లు పయనించినచో మదనపల్లె పట్టణము వచ్చును. ఆ పట్టణమునకు చేరువనే ఆరోగ్యవరము కలదు. క్షయ రోగుల కొరకు పలు క్రైస్తవ మిషనులు కలిసి 1912లో స్థాపించిన శానటోరియము వలన ఆ చోటు దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ఒకనాడు అచ్చట ఒక పడక దొరకుటయే పునర్జన్మ దొరకుటగా రోగులు భావించెడివారు. నేడు అది సాధారణ వైద్యశాల. నేడు క్షయ సోకినవాడు ఏ కొండ ప్రాంతమునకో పోయి నెలల తరబడి పడకమీద ఉండనక్కరలేదు. తన ఊరికి దగ్గరనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ద్వారా మందులు ఉచితముగా పొంది, ఇంటనే ఉండి, వ్యాధి మొండిబారినది కాకున్నచో ఆరు నెలలలో కోలుకొనవచ్చును.

ఈ మార్పు ఎట్లు వచ్చినది? “కొత్త మందులు వచ్చినవి గనుక” అని ఎవరైనను తడుముకొనక చెప్పుదురు. అది సగము సమాధానము మాత్రమే. మందు కనిపెట్టుట ఒక పని. అది రోగి నోటికి చేరు దారి వేయుట మరియొక పని. ఆ దారినే వైద్య వ్యవస్థ అందుము. అది ఎప్పుడు, ఎందులకు మారునో తెలిసికొనుటకు క్షయ చరిత్రను మించిన ఉదాహరణము మన ప్రాంతమున దొరకదు. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టములు కొన్ని రాయలసీమ నేలమీదనే జరిగినవి.

గాలి, విశ్రాంతి, ఆహారము

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను. శత్రువు ఎవరో తెలిసినది గాని, దానిని చంపు ఆయుధము మాత్రము అటుపిమ్మట అరువది సంవత్సరముల వరకు చిక్కలేదు. ఈ నడిమి కాలములో వైద్యులు చేయగలిగినది ఒక్కటే: రోగి శరీరమే ఆ సూక్ష్మజీవితో పోరాడునట్లు బలము చేకూర్చుట. శుభ్రమైన గాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, వైద్యుని నిత్య పర్యవేక్షణ, ఈ నాలుగింటిని ఒకచోట చేర్చిన వైద్యశాలయే శానటోరియము. జర్మనీలో హెర్మన్ బ్రేమర్ అను వైద్యుడు 1850 ప్రాంతమున ఈ పద్ధతికి పునాది వేసెను. అచ్చటి నుండి అది ఐరోపా అంతట వ్యాపించి, పిమ్మట మన దేశమునకు వచ్చినది.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో, సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతము ఇందుకు అనుకూలముగా తోచినది. అచ్చటి గాలి పొడిగా ఉండును. ఎండ తీవ్రత మైదానములకంటె తక్కువ. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ ఈ శానటోరియమును తొలినాళ్ల నుండి నడిపి, దక్షిణ భారతమున క్షయ చికిత్సకు దానిని పేరెన్నికగన్న కేంద్రముగా తీర్చిదిద్దెను.

శానటోరియము నిరర్థకమని నేటివారు తలపరాదు. రోగిని ఇంటినుండి వేరుచేయుట వలన పసిపిల్లలకు అంటు తగ్గెడిది. పలువురు రోగులు నిజముగనే కోలుకొనిరి. ఎక్స్-రే చిత్రమును చదువుట, కఫమును సూక్ష్మదర్శినితో పరీక్షించుట, రోగి చరిత్రను క్రమముగా వ్రాసి ఉంచుట వంటి అలవాట్లు ఇచ్చట పాదుకొనినవి. ఆ కాలపు జ్ఞానమునకు అదియే ఉత్తమ వ్యవస్థ. దాని లోపము వేరొక చోట నుండెను.

పడకల లెక్క

రెండవ ప్రపంచ యుద్ధము ముగియకముందే, 1943లో, నాటి ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన దేశ ఆరోగ్య పరిస్థితులను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1946లో తన నివేదికను సమర్పించినది. అవిభక్త భారతదేశములో క్షయ రోగులు రమారమి 25 లక్షలు, ఏటేట క్షయతో చనిపోవువారు 5 లక్షలు, క్షయ రోగులకు దేశమంతట ఉన్న పడకలు ఇంచుమించు 6,000 అని ఆ నివేదిక అంచనా వేసెను.

ఈ మూడు అంకెలను నల్లబల్లమీద వ్రాసి, విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఒక్కొక్క రోగి ఆరు నెలలు మాత్రమే పడకమీద ఉండునని అనుకొందము. అప్పుడు ఒక పడక ఏడాదికి ఇద్దరికి ఉపయోగపడును. 6,000 పడకలు 12,000 మందికి. అప్పటికే రోగులైన 25 లక్షల మందికి చికిత్స చేయుటకు రెండు వందల సంవత్సరములకు పైగా పట్టును. ఆ లోపల కొత్తగా రోగము వచ్చువారి మాట లెక్కలోనే లేదు. పడకలను పది రెట్లు పెంచినను ఇరువది ఏండ్లు పట్టును. ఏటికి 5 లక్షల మంది చనిపోవుచుండగా ఇరువది ఏండ్లు ఆగువారెవరు?

శానటోరియము లోపలికి వచ్చిన రోగిని చూచినంతవరకు వ్యవస్థ చక్కగా పనిచేయుచున్నట్లే కనిపించెను. ఎందరు కోలుకొనిరో చెప్పుటకు లోపల పుస్తకములు కలవు. గేటు వెలుపల ఉన్నవారికి పుస్తకము లేదు. వ్యవస్థలు మారుటకు మొదటి కారణము ఇచ్చట కనిపించుచున్నది: వెలుపల ఉన్నవారిని లెక్కించుట మొదలైన దినముననే పాత పద్ధతి చాలదని తెలియును.

గేటు దాటి పల్లెలకు

ఈ లెక్కింపు పనిలో ముందు నిలిచినవారిలో శానటోరియమువారే ఉండుట విశేషము. ఆరోగ్యవరమున సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరము భారత ప్రభుత్వమునకు క్షయ విషయములలో సలహాదారు అయ్యెను. 1948లో బి.సి.జి. టీకాను మన దేశమున ప్రయోగాత్మకముగా ప్రారంభించిన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అదే సంవత్సరము మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో బి.సి.జి. టీకా తయారుచేయు ప్రయోగశాల ఏర్పడెను.

టీకా ఉద్యమము అందరికి నచ్చలేదు. చక్రవర్తి రాజగోపాలాచారి 1955లో బి.సి.జి.ని బహిరంగముగా వ్యతిరేకించెను. ప్రజల అనుమతి లేనిదే ప్రజారోగ్య కార్యక్రమము సాగదని ఆ వాదము ప్రభుత్వమునకు గుర్తుచేసినది. టీకా శక్తిని తేల్చుటకు 1968లో చెంగల్పట్టు జిల్లాలో పెద్ద పరిశోధన ప్రారంభమైనది. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. అరికట్టలేదని దాని ఫలితములు 1979 నాటికి తెలిపినవి. అయినను పసిపిల్లలకు వచ్చు మెదడు పొరల క్షయ వంటి ప్రమాదకర రూపములను అది చాలవరకు తగ్గించును. కనుకనే పుట్టిన బిడ్డకు నేటికిని ఈ టీకా వేయుచున్నారు.

క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ కుమారుడు జొహనెస్ ఫ్రిమోట్ మొల్లర్ 1950 నుండి మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో ఒక బృహత్ పరిశీలన సాగించెను. రోగి వైద్యుని వెదకికొని వచ్చువరకు ఆగక, ఇంటింటి జనాభాను వ్రాసికొని, చర్మ పరీక్షలు, ఎక్స్-రే, కఫ పరీక్షలు జరిపి, ఏండ్ల తరబడి అదే జనమును గమనించుట దీని పద్ధతి. అంతవరకు వైద్యులు చూచినది క్షయ రోగిని. ఇప్పుడు చూచినది క్షయ వ్యాపించిన సమాజమును.

పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి 1955 నుండి 1958 వరకు దేశమున ఆరు ప్రాంతములలో క్షయ సర్వే జరిపించెను. ఆ ఆరు కేంద్రములలో హైదరాబాదు ఒకటి, మదనపల్లె మరియొకటి. క్షయ పట్టణముల ఇరుకు వీధుల రోగమనియు, పల్లెటూరి గాలి దానిని దరిచేరనీయదనియు అంతవరకు పలువురు నమ్మియుండిరి. సర్వే ఆ నమ్మకమును వమ్ముచేసినది. పల్లెలలోను పట్టణములలోను వ్యాధి ఇంచుమించు సమానముగనే ఉండెను. కఫములో సూక్ష్మజీవులు కలవారు వేయిమందిలో రమారమి నలుగురు. జనాభాలో అధిక భాగము పల్లెలలో నివసించు దేశమునకు దీని అర్థమేమి? రోగులలో అధిక భాగము శానటోరియము పేరైన విననివారని అర్థము.

ఇల్లా, శానటోరియమా?

ఇంతలో ఆయుధములు చేతికి వచ్చినవి. అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాల నుండి స్ట్రెప్టోమైసిన్ 1944లో వెలువడినది. దాని వెంట పాస్ అను మందును, 1952లో ఐసోనియజిడ్‌ను వాడుకలోనికి వచ్చినవి. ఒకే మందు వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి లొంగకుండ పోవుచుండెను. రెండు మూడు మందులు కలిపి వాడినచో లొంగుచుండెను. ఐసోనియజిడ్ చౌకయైనది, నోటితో మింగదగినది.

అయినను వైద్యులకు ఒక సందేహము మిగిలెను. మందు ఇంటికిచ్చి పంపినచో చాలునా? ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి, విశ్రాంతి లేని పని, వీటి నడుమ మందు పనిచేయునా? ఇంటిలోని పిల్లలకు రోగము అంటదా? దీనిని తేల్చుటకు 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి ఇందులో పాల్గొనెను. డాక్టరు వాలెస్ ఫాక్స్ నాయకత్వమున 193 మంది రోగులను, ఎవరి ఇష్టాయిష్టములతో నిమిత్తము లేకుండ, రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గము శానటోరియములో, మరియొక వర్గము తమ ఇండ్లలో ఒక ఏడాది పాటు ఒకే మందులను వాడిరి.

ఫలితములు 1959లో ప్రకటితమైనవి. శానటోరియములోనివారు మెరుగైన ఆహారము తిని ఎక్కువ బరువు పెరిగిరి. ఇంటనున్నవారికి ఆ సౌకర్యము లేదు. అయినను రోగము కుదురుట రెండు వర్గములలోను రమారమి సమానము. ఇంటనున్నవారి కుటుంబ సభ్యులకు అదనముగా రోగము అంటలేదు. మందు మొదలైన పిదప రోగి నుండి అంటు త్వరగా తగ్గిపోవును. కుటుంబమునకు సోకవలసిన అపాయము చాలవరకు రోగము బయటపడక ముందే సోకియుండును.

పేదల దేశములో పేదల మధ్య జరిగిన ఈ పరిశోధన ప్రపంచమంతట క్షయ చికిత్సను మార్చివేసినది. ఐరోపా దేశములలోను శానటోరియములు ఒక్కటొక్కటిగా మూతపడినవి, లేదా సాధారణ వైద్యశాలలుగా మారినవి.

దగ్గు మందు సీసా

ఇంటికి మందు ఇయ్యవచ్చునని తేలినది. ఏ ఇంటికి? రోగిని కనుగొనుట ఎట్లు? ఎక్స్-రే బండ్లను ఆరు లక్షల గ్రామములకు త్రిప్పుట అసాధ్యము. 1959లో బెంగుళూరులో స్థాపితమైన జాతీయ క్షయ సంస్థ ఈ ప్రశ్నను చేపట్టెను. అచ్చట పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అను పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెలలో రోగులను కలిసికొని, వారు తమ రోగమును గూర్చి ఏమి చేసిరో అడిగి తెలిసికొనిరి. 1963లో వెలువడిన వారి వ్యాసము ఆశ్చర్యము కలిగించినది. కఫములో సూక్ష్మజీవులున్న రోగులలో సగమునకు పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికో డిస్పెన్సరీకో పోయి వచ్చినవారే. అచ్చట వారికి దక్కినది దగ్గు మందు సీసా మాత్రమే.

పల్లెటూరివారు అజ్ఞానము వలన వైద్యమునకు రారు అను మాట దీనితో తేలిపోయినది. వారు వచ్చిరి, వ్యవస్థ వారిని గుర్తింపలేదు. కనుక నెలల తరబడి దగ్గుచున్నవానికి సాధారణ డిస్పెన్సరీలోనే కఫ పరీక్ష చేయుట, క్షయ అని తేలినచో అచ్చటనే మందిచ్చుట, జిల్లాకు ఒక కేంద్రము ఈ పనినంతటిని కనిపెట్టుచుండుట, ఇదియే కొత్త ప్రణాళిక. దీనిని తొలుత పరీక్షించి చూచిన చోట్లలో రాయలసీమలోని అనంతపురము జిల్లా ముఖ్యమైనది. 1962 నుండి ఇది జాతీయ క్షయ కార్యక్రమముగా రూపొందినది.

కాగితముమీద ఒకటి, ఊరిలో ఒకటి

కథ ఇచ్చట సుఖాంతము కాలేదు. ఆనాటి చికిత్స ఏడాదికి పైగా సాగవలెను. రెండు నెలలలో దగ్గు తగ్గి, ఒంటికి బలము రాగానే కూలిపనివాడు మందు మానివేయుట సహజము. మందుల సరఫరా ఒకప్పుడుండును, ఒకప్పుడుండదు. సూక్ష్మదర్శిని ఉన్నచోట చూచువాడు లేడు. రిఫాంపిసిన్ అను శక్తిమంతమైన మందు వలన చికిత్సా కాలము ఆరు నెలలకు తగ్గించుట సాధ్యమైనను, అది అందరికి అందలేదు. 1992లో భారత ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, స్వీడన్ దేశపు సహాయ సంస్థ కలిసి జరిపిన సమీక్షలో, సగమునకు పైగా రోగులు సరియైన నిర్ధారణకైనను, పూర్తి చికిత్సకైనను నోచుకొనుట లేదని తేలినది.

ఆ సమీక్ష ఫలితముగా 1997లో సవరించిన జాతీయ కార్యక్రమము మొదలై, 2006 నాటికి దేశమంతట వ్యాపించినది. ఒకరి ఎదుట రోగి మందు మింగుట ఇందలి నియమము. వారమునకు మూడు దినములు మందిచ్చు ఆ పద్ధతిలో రోగము తిరుగబెట్టుట, మందులకు లొంగకపోవుట అను చిక్కులు కలవని వైద్యులు ఆక్షేపించిరి. ఈ విషయము సుప్రీం కోర్టు వరకు పోయినది. 2017లో దేశమంతట దినదినము మందిచ్చు పద్ధతి వచ్చినది. 2012లో ప్రయివేటు వైద్యులును తాము గుర్తించిన ప్రతి క్షయ రోగిని గూర్చి ప్రభుత్వమునకు తెలుపవలెనను నియమము ఏర్పడెను. ఇదియును లెక్కింపే: అంతవరకు ప్రభుత్వ పుస్తకమున లేనివారిని పుస్తకములోనికి తెచ్చుట.

మరచిన అన్నము

మద్రాసు పరిశోధన ఆహారము లేకున్నను మందు పనిచేయునని చూపినది. అది సత్యమే. కాని ఆ సత్యమునుండి ఆహారము అనవసరమను భావము వ్యవస్థలో నాటుకొనినది. రోగము కుదురుట వేరు, రోగము రాకుండుట వేరు. జార్ఖండ్ రాష్ట్రములో రోగుల కుటుంబ సభ్యులకు నెలనెల బియ్యము, పప్పు, సూక్ష్మపోషకముల మాత్రలు ఇచ్చి చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. అట్టి కుటుంబములలో కొత్తగా క్షయ సోకుట రమారమి 40 శాతము తగ్గెను. అంతకు ముందే, 2018 నుండి, చికిత్స పొందుచున్న రోగికి ఆహారము కొరకు కేంద్ర ప్రభుత్వము నెలకు 500 రూపాయలు ఇయ్య మొదలిడెను. 2024 నవంబరు నుండి అది 1,000 రూపాయలైనది. శానటోరియము వంటశాలలో నూరేండ్ల క్రిందట ఉన్న జ్ఞానము ఇల్లు చేరుటకు ఇంత కాలము పట్టినది.

మార్పునకు మూలము

ఇతర దేశముల చరిత్రయు దీనికి తోడు పలుకును. జర్మనీలో 1883లో కార్మికులకు రోగ భీమా వచ్చినది. అందుకు కారణము కొత్త మందు కాదు, కర్మాగారములలో పెరిగిన కార్మిక శక్తియు, దానిని తనవైపు త్రిప్పుకొనగోరిన బిస్మార్కు రాజనీతియు. బ్రిటనులో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనది; యుద్ధకాలమున ఆసుపత్రులన్నింటిని ప్రభుత్వము ఒక్కటిగా నడిపిన అనుభవము దానికి దారి చూపినది. జ్ఞానము, సాధనములు, ధనము, ప్రజల కోరిక, రాజకీయ సంకల్పము, ఈ ఐదును మార్పునకు కారణములే. వీటిలో ఏది ముందు వచ్చునో దేశమును బట్టి, కాలమును బట్టి మారును.

కాని ఆరోగ్యవరము కథలో ఒక సంగతి ప్రతి మలుపునను కనిపించుచున్నది. 1946లో పడకలు దొరకనివారిని లెక్కించిరి. శానటోరియము చాలదని తెలిసినది. 1955లో పల్లెలను లెక్కించిరి. పట్టణ వైద్యము చాలదని తెలిసినది. తుమకూరులో దగ్గు మందుతో తిరిగిపోయినవారిని లెక్కించిరి. డిస్పెన్సరీ మారవలసి వచ్చినది. 1992లో నడుమ మందు మానినవారిని లెక్కించిరి, కార్యక్రమమే మారినది. కొత్త మందు మార్పునకు వీలు కల్పించును. ఆ మందు అందనివాని లెక్క మార్పును తప్పనిసరి చేయును.

ఆ లెక్క నేటికిని ముగియలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము మన దేశమున క్షయ సోకువారు 2015లో లక్షకు 237 మంది కాగా, 2023లో 195 మంది. తగ్గుదల నిజమే, అయినను 2023లో క్షయ వలన మరణించినవారు ఇంకను 3 లక్షలకు పైబడిరి. రెండు వారములు దాటిన దగ్గు ఇంటిలో, బడిలో, ఇరుగుపొరుగున ఎవరికున్నను కఫ పరీక్షకు పంపుట ఉపాధ్యాయులును విద్యార్థులును చేయగల పని. అట్లు పంపిన ప్రతివాడును వ్యవస్థ లెక్కలోనికి కొత్తగా చేరినవాడు.